తెల్లారగట్ల గుండె మీద బరువు ఎందుకు? గోదావరి డెల్టాలో నిద్ర, పని, నడక లెక్క

చలికాలం మొదలవగానే భీమవరం, తణుకు, అమలాపురం చుట్టుపక్కల కాలువ గట్ల మీద తెల్లారగట్ల నడిచేవాళ్లు పెరుగుతారు. దాంతోపాటే ఒక భయమూ వినిపిస్తుంది: గుండెపోట్లు ఆ వేళలోనే ఎక్కువ వస్తాయట కదా, అప్పుడు ఒళ్లు అలిసేలా నడవచ్చా అని. వేళ సంగతి నిజమే. దాన్ని పట్టుకుని నడక మానేస్తే మాత్రం ముప్పు పెరుగుతుందే గాని తగ్గదు. ఈ రెండు మాటలూ ఒకేసారి ఎలా నిజమవుతాయో చూడాలంటే ఉదయపు గంట దగ్గరే ఆగితే సరిపోదు, ముందు రోజు రాత్రి దాకా వెళ్లాలి.

ఇది పట్నాల బాధ అనుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. తూర్పు, పశ్చిమ గోదావరి జిల్లాల్లోని 45 గ్రామాల్లో 2004 అక్టోబరు దాకా ఏడాదిపాటు జరిగిన ప్రతి మరణానికీ కారణం ఆరా తీశారు. ఆంధ్రప్రదేశ్ రూరల్ హెల్త్ ఇనిషియేటివ్ పేరుతో జరిగిన పని అది. 1,354 మరణాల్లో 32 శాతం గుండె, రక్తనాళాల జబ్బుల వల్లే. అందులో గుండెపోటుదీ పక్షవాతానిదీ దాదాపు సమాన వాటా. ఇరవై ఏళ్ల కిందటే, పల్లెల్లోనే, పరిస్థితి అది.

ఉదయం ఆరు నుంచి పన్నెండు దాకా

గుండెపోటు వచ్చిన వేళ గురించి రోగి చెప్పే మాట మీదే ఆధారపడకుండా, రక్తంలో కండరం దెబ్బతిన్న గుర్తులను బట్టి అది మొదలైన గంటను వెనక్కి లెక్కగట్టిన అధ్యయనం 1985లో అమెరికాలో వెలువడింది. రాత్రి 11 గంటల వేళతో పోలిస్తే ఉదయం 9 గంటల ప్రాంతంలో గుండెపోట్లు సుమారు మూడు రెట్లు ఉన్నాయి. తర్వాత చాలా అధ్యయనాలను కలిపి చూస్తే, ఉదయం ఆరు నుంచి పన్నెండు మధ్య ముప్పు మిగతా వేళలకంటే దాదాపు 40 శాతం ఎక్కువని తేలింది.

కారణం ఒక్కటి కాదు. మెదడులో, కంటి నరాలు కలిసే చోటుకు కాస్త పైన, చిన్న కణాల గుంపు ఒకటి ఉంది. శరీరానికి ప్రధాన గడియారం అదే. దానంతట దాన్ని వదిలేస్తే సగటున 24 గంటలకంటే పది నిమిషాలు అటూ ఇటుగా ఎక్కువ నడుస్తుంది. కంట్లో పడే పగటి వెలుతురు రోజూ దాన్ని సరిదిద్దుతుంది. గుండె కండరంలో, రక్తనాళాల గోడల్లో, కాలేయంలో కూడా సొంత గడియారాలు ఉన్నాయి. ఈ గడియారాన్ని నడిపే జన్యువుల పని తీరును బయటపెట్టినందుకే 2017లో జెఫ్రీ హాల్, మైకేల్ రాస్‌బాష్, మైకేల్ యంగ్‌లకు నోబెల్ వచ్చింది.

ఆ గడియారం ప్రకారం తెల్లవారే ముందే ఒంటిని మేలుకొలిపే కార్టిసాల్ అనే హార్మోన్ పెరగడం మొదలవుతుంది. మంచం దిగి నిలబడగానే అడ్రినలిన్ జాతి హార్మోన్లు పెరిగి నాడి, బీపీ లేస్తాయి. రక్తం గడ్డకట్టించే ప్లేట్‌లెట్ కణాలు ఒకదానికొకటి అంటుకునే గుణం అప్పుడే ఎక్కువవుతుంది. గడ్డను కరిగించే వ్యవస్థకు అడ్డుపడే పీఏఐ-1 అనే పదార్థం ఉదయం ఆరున్నర ప్రాంతంలో గరిష్ఠానికి చేరుతుంది. రాత్రంతా నీళ్లు తాగక రక్తం కొంచెం చిక్కగా ఉంటుంది. ముందు రోజు ఉదయం వేసుకున్న బీపీ మాత్ర పట్టు కూడా కొందరిలో అప్పటికి సడలుతుంది. రక్తనాళంలో అప్పటికే కొవ్వు పూడిక ఉంటే, ఇవన్నీ ఒకే గంటలో కలిసినప్పుడు అది చిట్లి గడ్డకట్టే అవకాశం ఎక్కువ. పూడిక ఏళ్ల తరబడి చేరేది, ఉదయం దానికి చివరి తోపు మాత్రమే. అందుకే ఉదయాన్ని తప్పించుకునే ఆలోచన మాని, పూడికను పెంచేవాటినీ ఉదయపు ఉప్పెనను పెద్దది చేసేవాటినీ తగ్గించుకోవాలి.

ముప్పు ఉన్నది నడిచేవాళ్లకు కాదు

1993లో వచ్చిన మరో అధ్యయనంలోని అంకెలు ప్రతి ఊళ్లోనూ తెలియవలసినవి. బాగా కష్టమైన పని చేసిన తర్వాతి గంటలో గుండెపోటు ముప్పు మామూలు సమయంకంటే ఎన్ని రెట్లో లెక్కవేశారు. వారానికి ఒక్కసారి కూడా వ్యాయామం చేయనివాళ్లలో 107 రెట్లు. వారానికి ఒకటి రెండుసార్లు చేసేవాళ్లలో 19 రెట్లు. మూడు నాలుగుసార్లయితే తొమ్మిది రెట్ల లోపు. ఐదుసార్లు, అంతకు మించి చేసేవాళ్లలో 2.4 రెట్లు. పని అదే, గంట అదే. తేడా అంతా ఒళ్లు అలవాటు పడిందా లేదా అన్నదాంట్లోనే.

107 రెట్లు అనగానే గుండె జారిపోనక్కర్లేదు. ఏ ఒక్క గంటలోనైనా అసలు ముప్పు ఎంతో చిన్నది కనుక దాన్ని హెచ్చవేసినా చిన్నదే. అమెరికాలో మగ డాక్టర్ల మీద చేసిన దీర్ఘకాల పరిశీలనలో, కష్టమైన వ్యాయామం పదిహేను లక్షలసార్లు చేస్తే ఒక్క హఠాన్మరణం కనిపించింది. అయినా ఏడాదంతా కొట్లో కూర్చుని, కార్తీకమాసంలో ఒక్కరోజు అన్నవరం మెట్లు ఆగకుండా ఎక్కేసేవాళ్లూ, కరెంటు పోయిందని పాతిక గజాల దూరం మోటారును ఒక్కరే మోసేవాళ్లూ ఆ మొదటి గుంపులోవాళ్లే. రోజూ గట్టు మీద నడిచే మనిషి ఆ గుంపులో లేడు. గుండెజబ్బు వచ్చి తగ్గినవాళ్ల చేత ఆస్పత్రుల్లో పర్యవేక్షణలో వ్యాయామం చేయించినప్పుడు కూడా ఉదయం బృందానికీ మధ్యాహ్నం బృందానికీ ప్రమాదాల్లో చెప్పుకోదగ్గ తేడా రాలేదు.

మరి నడకకు ఏ వేళ మేలు? బ్రిటన్‌లో చేతికి కట్టిన పరికరాలతో వేలమంది కదలికలు నమోదు చేసిన సమాచారం ఒకటి ఉంది. దాన్నే విశ్లేషించిన ఒక బృందం ఉదయం కదిలేవాళ్లకు గుండెజబ్బు తక్కువంది. ఊబకాయం ఉన్నవాళ్లను తీసుకుని చూసిన మరో బృందం సాయంత్రం కదిలేవాళ్లకు మరణాలు తక్కువంది. వేళ గురించి ఇంతకు మించి గట్టిగా చెప్పలేం. మా సలహా: వారంలో ఐదు రోజులు తప్పకుండా నిలబడే వేళే మీ వేళ. ఒక్క షరతు ఉంది. నాలుగున్నరకు నడక కోసం లేవాలంటే రాత్రి తొమ్మిదిన్నరకు పడుకోవాలి. సీరియల్ అయ్యాక పదకొండున్నరకు పడుకుని నాలుగున్నరకు లేస్తే, నడకలో వచ్చిన లాభంలో కొంత నిద్రలేమికే పోతుంది.

రాత్రి దిగవలసిన బీపీ

ఆరోగ్యంగా ఉన్నవాళ్లలో నిద్రలో బీపీ పగటికంటే 10 నుంచి 20 శాతం దిగుతుంది. గుండెకూ రక్తనాళాలకూ రోజులో దొరికే విశ్రాంతి అదే. కొందరిలో అది దిగదు, కొందరిలో ఎదురు పెరుగుతుంది. ఇలాంటివాళ్లకు పగటి రీడింగు బాగానే ఉన్నా గుండెపోటు, పక్షవాతం, కిడ్నీ దెబ్బతినడం ఎక్కువ. మున్ముందు ఏం జరగబోతుందో చెప్పడంలో ఆస్పత్రిలో చూసే బీపీకంటే నిద్రలోని బీపీయే నమ్మదగినది.

ఎందుకు దిగదు? మన డెల్టాలో మొదట చూడవలసింది ఉప్పు. పగలు తిన్న ఉప్పును కిడ్నీలు పగలే పూర్తిగా పంపలేకపోతే రాత్రి కూడా ఆ పని సాగాలి. అందుకు కిడ్నీలకు రక్తపు ఒత్తిడి కావాలి కనుక బీపీ పైనే ఉంటుంది. ఇలాంటివాళ్లు ఉప్పు తగ్గించగానే రాత్రి బీపీ మళ్లీ దిగడం అధ్యయనాల్లో కనిపించింది. రోజుకు 5 గ్రాములు, అంటే ఒక టీస్పూను, మించవద్దన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట. ఆవకాయ, ఎండుచేపల ఇగురు, అప్పడం, మజ్జిగలో ఉప్పు అన్నీ ఒకే పూట కలిస్తే ఆ లెక్క మధ్యాహ్నానికే దాటుతుంది. ముందుగా రాత్రి భోజనంలోంచి పచ్చడినీ ఎండుచేపనూ తీసేయండి.

రెండో కారణం గురక. పెద్ద గురకతో మధ్యమధ్య ఊపిరి ఆగి, ఉలిక్కిపడి పీల్చుకునేవాళ్లలో ప్రతి ఆగుడుకీ బీపీ ఎగసిపడుతుంది. పక్కన పడుకున్నవాళ్లు అది గమనించినా, పగలు కూర్చున్నచోటే కునుకు పడుతున్నా స్లీప్ అప్నియా పరీక్ష అడగాలి. మూడోది మద్యం. తాగిన రాత్రి త్వరగా నిద్ర పట్టినా తెల్లారేసరికి నాడి, బీపీ పెరిగి ఉంటాయి. షుగరు, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లలోనూ దిగుడు తగ్గుతుంది.

చెరువు మకాంలో రాత్రులు

డెల్టాలో శరీర గడియారాన్ని అన్నిటికంటే ఎక్కువగా తిప్పేసిన పని ఆక్వా, అంటే చేపల, రొయ్యల చెరువుల సాగు. పగలు నీళ్లలోని నాచు ఆక్సిజన్ ఇస్తుంది. చీకట్లో అదే ఆక్సిజన్‌ను వాడుకుంటుంది. కాబట్టి చెరువులో ఆక్సిజన్ తెల్లవారుజామున అడుగంటుతుంది. నీళ్లలోకి గాలి కలిపే ఏరియేటర్ ఆగినా, కరెంటు పోయి జెనరేటర్ ఎక్కకపోయినా ఆ వేళే పంట పోతుంది. అందుకే ఉండి, ఆకివీడు, నరసాపురం వైపు వేలమంది రాత్రి రెండు నుంచి ఆరు మధ్య మెలకువగా ఉంటారు. చేప, రొయ్య పట్టే పట్టుబడి రోజుల్లో వల, ఐసు, ప్యాకింగ్, లారీ లోడింగ్ అన్నీ రాత్రే. సరిగ్గా శరీరం నిద్రను ఆశించే గంటలవి.

20 లక్షలకు పైగా మనుషుల సమాచారాన్ని కలిపి 2012లో చేసిన విశ్లేషణలో షిఫ్టుల్లో పనిచేసేవాళ్లకు గుండెపోటు ముప్పు 23 శాతం ఎక్కువని వచ్చింది. ఏం జరుగుతుందో ప్రయోగశాలలోనూ చూశారు. నిద్ర, భోజనం వేళలను పన్నెండు గంటలు తిప్పేస్తే కొద్ది రోజుల్లోనే, ఏ జబ్బూ లేనివాళ్లలో కూడా, రక్తంలో చక్కెర, ఇన్సులిన్, బీపీ పెరిగాయి. తర్వాతి ప్రయోగాల్లో మాకు అన్నిటికంటే పనికొచ్చే సంగతి బయటపడింది. రాత్రి మెలకువగా ఉంచినా భోజనం మాత్రం పగలే పెట్టినవాళ్లలో చక్కెర పెరగలేదు. రాత్రి తిన్నవాళ్లలో పెరిగింది. మెదడు గడియారం వెలుతురును అనుసరిస్తే, కాలేయం గడియారం భోజనాన్ని అనుసరిస్తుంది. అర్ధరాత్రి బిర్యానీ పొట్లం రెంటినీ చెరో దారి పట్టిస్తుంది.

కాబట్టి చెరువు దగ్గరి కాపలా షెడ్డులో, అంటే మకాంలో ఉండేవాళ్లు పెద్ద భోజనం రాత్రి ఎనిమిదిలోపు ముగించాలి. అర్ధరాత్రి నుంచి అయిదు దాకా మంచినీళ్లు చాలు. ఆకలి ఆగకపోతే జామకాయో గుప్పెడు వేరుసెనగలో తినాలి. ఇన్సులిన్ గాని షుగరు మాత్రలు గాని వాడేవాళ్లు ఈ మార్పు డాక్టరును అడగకుండా చేయకూడదు, చక్కెర పడిపోవచ్చు. టీ సగం ప్రభావం అయిదు గంటల తర్వాత కూడా ఒంట్లో ఉంటుంది, ఉదయం ఏడింటికి పడుకోవాలంటే ఆఖరి టీ రాత్రి రెండింటికే.

ఇద్దరున్న చోట కాపలా పంపకం మార్చుకుంటే పెద్ద తేడా వస్తుంది. ఒకరోజు నువ్వు, ఒకరోజు నేను అన్న పద్ధతిలో ఇద్దరి గడియారాలూ చెడతాయి. దానికి బదులు ఒకరు రాత్రి తొమ్మిది నుంచి రెండు, మరొకరు రెండు నుంచి ఏడు, రోజూ అదే వంతు. అప్పుడు ఇద్దరికీ రోజూ ఒకే వేళలో కనీసం నాలుగు గంటల నిద్ర మిగులుతుంది. రోజులో ఆ నాలుగు గంటలు కదలకుండా ఉంటే గడియారం చాలావరకు నిలబడుతుంది. మిగతా నిద్ర మధ్యాహ్నం తీర్చుకోవచ్చు. పడుకునేది రేకుల షెడ్డులో కాకుండా ఇంట్లో, కిటికీకి దుప్పటి కట్టిన గదిలో అయితే మంచిది. ఎండకు కాగిన రేకు కింద ఒళ్లు చల్లబడదు, ఒళ్లు చల్లబడకుండా గాఢనిద్ర పట్టదు. నిద్రలో గదిలో వెలుతురు ఉంటే, కళ్లు మూసుకునే ఉన్నా, నాడి వేగం పెరుగుతుందని 2022 ప్రయోగం ఒకటి చూపించింది. రాత్రంతా మేలుకున్నాక బండి మీద ఊరికి బయలుదేరే ముందు పావుగంట కునుకు తీయాలి. నిద్రమత్తులో కాలువ గట్టు మీద బండి నడపడం గుండెజబ్బుకంటే ముందొచ్చే ప్రమాదం.

చాకిరీ వేరు, వ్యాయామం వేరు

"రోజంతా చేలో చాకిరీ చేసేవాడికి మళ్లీ నడకెందుకు?" అన్న ప్రశ్నకు సూటి జవాబు లేదు. 1953లో లండన్ రెండంతస్తుల బస్సుల మీద జెరెమీ మోరిస్ చేసిన పని ప్రసిద్ధం: రోజంతా మెట్లెక్కి దిగే కండక్టర్లకంటే కూర్చుని నడిపే డ్రైవర్లకు గుండెజబ్బు ఎక్కువ. పనిలో కదలిక మేలు చేస్తుందన్నది అక్కడ మొదలైంది. కాని ఇటీవల డెన్మార్క్ పరిశోధకులు ఇంకో ముఖం చూపించారు. తీరిక వేళ చేసే శ్రమ గుండెను కాపాడుతుంటే, ఉద్యోగంలో చేసే బరువు పని కాపాడకపోగా కొందరిలో ముప్పుతో కలిసి కనిపిస్తోంది. పొగ, పేదరికం, వైద్యం అందకపోవడం ఆ లెక్కలో ఎంత కలిసిపోయాయన్న వాదన ఇంకా నడుస్తోంది.

కారణం మాత్రం అర్థమయ్యేదే. 75 కిలోల ధాన్యం బస్తా వీపుకెత్తుకున్న ముఠా కూలీ ఊపిరి బిగబడతాడు, కండరాలు బిగుస్తాయి, బీపీ ఒక్కసారిగా లేస్తుంది. ఇలా ఎనిమిది గంటలు, ఆగి తేరుకునే వీలు లేకుండా సాగితే 24 గంటల సగటు బీపీయే పైకి జరుగుతుంది. ఊడ్పుల్లో నడుం వంచి పనిచేసే ఆడవాళ్లకు కండరాలు నొప్పెడతాయి గాని చురుగ్గా నడిచినప్పుడు పెరిగినంతగా నాడి పెరగదు. అరగంట చురుకు నడకలో నాడి పెరుగుతుంది, తర్వాత దిగుతుంది, ఆ పైన కొన్ని గంటలపాటు బీపీ మామూలుకంటే తక్కువగా ఉంటుంది. గుండెకు శిక్షణ అందేది అలా పెరిగి దిగినప్పుడే. బరువు పని చేసేవాళ్లకు మొదట కావలసింది పనిలో విరామం, నీళ్లు, ఎత్తేటప్పుడు ఊపిరి వదలడం, నిద్ర. నడక సాయంత్రం పదిహేను నిమిషాలు చాలు.

వరి నుంచి చెరువుకు మారి, గట్టు మీద కూడా బండి మీదే తిరిగే రైతు పరిస్థితి దీనికి పూర్తిగా ఎదురు. కోత మిషన్ వచ్చాక, దమ్ము ట్రాక్టరుది అయ్యాక, ఆయన ఆహారం మాత్రం నాగలి నాటిదే. నడక అసలు అవసరం ఈయనకు.

ఎంత, ఎలా

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది వారానికి 150 నుంచి 300 నిమిషాల మధ్యస్థ శ్రమ, రెండు రోజులు కండరాలకు పని. మధ్యస్థమంటే మాట్లాడగలగాలి, పాట పాడలేకపోవాలి. నిమిషానికి సుమారు వంద అడుగులు. పదివేల అడుగులన్న అంకె 1965 ప్రాంతంలో జపాన్‌లో అడుగులు లెక్కించే పరికరం ప్రకటనతో పుట్టింది. అరవై దాటినవాళ్లకు ఆరు నుంచి ఎనిమిది వేల దగ్గర, అంతకంటే చిన్నవాళ్లకు ఎనిమిది నుంచి పది వేల దగ్గర లాభం నిలకడకు వస్తుందని పెద్ద విశ్లేషణలు చెబుతున్నాయి.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లు తిన్న తర్వాత పదేసి నిమిషాలతో మొదలుపెట్టడం మంచి దారి. న్యూజిలాండ్‌లో షుగరు ఉన్నవాళ్ల మీద చూస్తే, రోజులో ఎప్పుడో ఒకప్పుడు అరగంట నడవడంకంటే మూడు పూటలా తిన్నాక పది నిమిషాలు నడిచినప్పుడు చక్కెర తక్కువ పెరిగింది. రాత్రి భోజనం తర్వాత ఆ లాభం 22 శాతం. మన రాత్రి భోజనం అన్నమే కనుక ఈ పది నిమిషాలను వదులుకోవద్దు. ఛాతీలో పట్టేసినట్టు ఉండటం గాని, తిన్నాక నడిస్తే నొప్పి రావడం గాని ఉన్నవాళ్లు మాత్రం ముందు డాక్టరుకు చూపించుకోవాలి.

ఉదయం నడిచేవాళ్లు లేచిన వెంటనే బయటపడకుండా గ్లాసుడు నీళ్లు తాగి, పావుగంట ఇంట్లోనే అటూ ఇటూ తిరిగి, మొదటి పది నిమిషాలు మెల్లగా నడవాలి. ఆగేటప్పుడూ అంతే. ఒక్కసారిగా ఆగి నిలబడితే రక్తం కాళ్లలో నిలిచి కళ్లు తిరుగుతాయి. రోహిణి కార్తెలో డెల్టా గాలిలో తేమ వల్ల చెమట ఆరదు. ఒంటిని చల్లబరచడానికి గుండె చర్మం వైపు ఎక్కువ రక్తం తోయాల్సి వస్తుంది. ఆ రోజుల్లో నడక ఉదయం ఏడులోపు ముగించాలి, వేగం తగ్గించాలి. మూత్రం ఎక్కువగా పోయే బీపీ మాత్రలు వాడేవాళ్లు ఆ నెలల్లో ఒకసారి డాక్టరుకు కనిపించాలి.

ఇంట్లో బీపీ, మాత్ర వేళ

చేతి పైభాగానికి కట్టే మిషనే కొనాలి. మూత్రానికి వెళ్లొచ్చి, టీ గాని చుట్ట గాని తాగి అరగంట దాటాక, వీపు ఆనించి, పాదాలు నేల మీద పెట్టి అయిదు నిమిషాలు మాట్లాడకుండా కూర్చోవాలి. పట్టీ గుండె ఎత్తులో ఉండాలి. నిమిషం తేడాతో రెండుసార్లు చూడాలి. లేచిన గంటలోపు, మాత్ర వేసుకోకముందు ఒకసారి, పడుకునే ముందు ఒకసారి, ఏడు రోజులు. మొదటి రోజు వదిలేసి మిగతావాటి సగటు 135/85 దాటితే అది బీపీయే. ఉదయపు సగటు రాత్రి సగటుకంటే బాగా ఎక్కువుంటే ఆ అంకెలు రాసిన కాగితం డాక్టరుకు చూపించండి. రోజంతా బీపీ కొలిచే 24 గంటల మిషన్ పెట్టించుకోమని డాక్టరు అంటే సెలవు రోజున కాక, మామూలుగా పనిచేసే రోజున, రాత్రి కాపలా ఉంటే ఆ రాత్రే పెట్టించుకోవాలి. నిద్రలోని సగటు 120/70 లోపు ఉండాలి.

మాత్ర రాత్రి వేసుకుంటేనే మేలన్న ప్రచారం కొన్నాళ్లు గట్టిగా సాగింది. బ్రిటన్‌లో 21 వేలమందికి పైగా పాల్గొన్న 2022 పరీక్షలో ఉదయం వేసుకున్నా రాత్రి వేసుకున్నా గుండెపోటు, పక్షవాతం, మరణాల్లో తేడా రాలేదు. మరచిపోకుండా వేసుకోగలిగే వేళే ఖాయం చేసుకోండి. డాక్టరు వేళ చెప్పి ఉంటే సొంతంగా మార్చకండి.

గ్యాస్ అనుకునే నొప్పి

తెల్లారగట్ల ఛాతీ మధ్యలో బరువు, ఎడమ చేతికో దవడకో పాకే నొప్పి, చల్లని చెమట, వాంతి వచ్చినట్టు ఉండటం, నడుస్తుంటే పెరిగి ఆగితే తగ్గే మంట, ఇవి గ్యాస్ అనుకుని సోడా తాగి తెల్లారేదాకా కూర్చునేవి కావు. షుగరు ఉన్నవాళ్లలో, ఆడవాళ్లలో నొప్పి లేకుండా ఆయాసం, విపరీతమైన నీరసం మాత్రమే ఉండొచ్చు. నొప్పి అయిదు పది నిమిషాల్లో తగ్గకపోతే 108కు ఫోన్ చేయాలి. రోగి బండి నడపకూడదు, బండి వెనక కూర్చోకూడదు, మెట్లు ఎక్కకూడదు. మూసుకున్న నాళం తెరవడంలో మొదటి గంటల్లో దక్కిన కండరం తర్వాత దక్కదు. లంక గ్రామాల్లో ఉండేవాళ్లు రాత్రిపూట పడవ ఎవరిదో, అవతలి రేవుకు అంబులెన్స్ ఏ దారిన రావాలో, ఈసీజీ తీసి గడ్డ కరిగించే ఇంజక్షన్ ఇచ్చే దగ్గరి ఆస్పత్రి ఏదో ఇప్పుడే కనుక్కుని, ఆ నంబర్లు ఇంట్లో అందరికీ కనిపించే చోట గోడ మీద రాసిపెట్టుకోవాలి.